బరంపురంలో దొరికే భాగాలతో మొదటి మెటల్ డిస్టార్షన్ పెడల్

గిటార్‌కీ యాంప్లిఫయర్‌కీ మధ్య పెట్టి, శబ్దాన్ని గరగరలాడించే డబ్బాయే డిస్టార్షన్ పెడల్. హెవీ మెటల్ వాయించాలన్న కోరికతో సోల్డరింగ్ ఐరన్ పట్టుకునే కుర్రాళ్ళు మొదటే బాస్ కంపెనీ హెచ్ఎం-2 మీదో, మెటల్ జోన్ మీదో మనసు పెట్టుకుంటారు. బరంపురం, పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, జయపురం వైపు నాకు తెలిసిన వాళ్ళందరిదీ ఇదే వరస. ఆ రెండూ గొప్ప పెడల్సే. కానీ మొదటిసారి కట్టేవాళ్ళకు నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: ర్యాట్ అనే పెడల్ సర్క్యూట్‌తో మొదలుపెట్టండి. అందులో ఉండేవి ముప్పై చిల్లర భాగాలు. దాదాపు అన్నీ పాత టీవీ మెకానిక్ దుకాణం సొరుగుల్లో ఉంటాయి. దొరకని రెండింటికి బదులు ఏం వేయాలో కింద చెబుతాను. మెటల్‌కి సరిపోయేలా దాన్ని మలచడానికి ఒకటి రెండు భాగాలు మారిస్తే చాలు.

ముందు మీ యాంప్ చూసుకోండి

ఏ సర్క్యూట్ కట్టాలన్నది మీ పెడల్ తీగ చివర ఏముందన్న దాన్ని బట్టి ఉంటుంది. గిటార్ యాంప్‌లో ఉండే స్పీకరు మామూలు స్పీకరు కాదు. సుమారు 5,000 హెర్ట్జ్ దాటాక దాని శబ్దం బాగా పడిపోతుంది. డిస్టార్షన్‌లో పుట్టే గరగర అంతా ఆ పైనే ఉంటుంది కాబట్టి, గిటార్ స్పీకరు దాన్ని తనంతట తానే కోసేస్తుంది. మన వైపు చాలామందికి గిటార్ యాంప్ ఉండదు. చర్చిలోనో, ఆర్కెస్ట్రాలోనో ఉన్న మిక్సర్లోకి, అహూజా యాంప్లిఫయర్లోకి నేరుగా గుచ్చి వాయిస్తారు. ఆ హారన్‌లూ ట్వీటర్లూ పై శబ్దాన్ని ఏమాత్రం దాచవు. అక్కడ ఎంత ఖరీదైన మెటల్ పెడల్ పెట్టినా చెవులు చిల్లులు పడతాయి తప్ప బరువు రాదు.

మీది ఆ పరిస్థితి అయితే, పై శబ్దాన్ని గట్టిగా కోయగల ఒక నాబ్ పెడల్‌లోనే ఉండాలి. ర్యాట్‌లో ఉన్న ఫిల్టర్ నాబ్ సరిగ్గా అదే. పూర్తిగా తిప్పితే 475 హెర్ట్జ్ దగ్గర్నుంచే కోయడం మొదలుపెడుతుంది. నేను ర్యాట్ వైపు మొగ్గడానికి ఇదొక పెద్ద కారణం. లాప్‌టాప్‌లోకి రికార్డు చేసేవాళ్ళు, గిటార్ స్పీకరును అనుకరించే సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే ఈ బాధ లేదు.

ఇక మీ యాంప్‌లోనే హై గెయిన్ (సిగ్నల్‌ని బాగా పెంచే) చానల్ ఉంటే, మీకు డిస్టార్షన్ పెడల్ అవసరమే లేకపోవచ్చు. ట్యూబ్ స్క్రీమర్ రకం ఓవర్‌డ్రైవ్ పెడల్ ఒకటి కట్టి, దాని డ్రైవ్ బాగా తగ్గించి, లెవెల్ పెంచి యాంప్ ముందు పెట్టండి. అది సుమారు 720 హెర్ట్జ్ కిందనున్న బేస్‌ని, అంటే మంద్ర శబ్దాన్ని, తగ్గించి పంపుతుంది. యాంప్ డిస్టార్షన్ ఒక్కసారిగా బిగుసుకుంటుంది. మెటల్ గిటారిస్టులు దశాబ్దాలుగా చేస్తున్న పనే ఇది. మీకు అది చాలనుకుంటే మిగతాదంతా చదవక్కర్లేదు.

మెటల్ బరువు ఎక్కడ పుడుతుంది

సర్క్యూట్ ఎంచుకునే ముందు ఇది తెలియాలి. లేకపోతే పేర్లు చూసి మోసపోతాం.

పవర్ కార్డ్ అంటే షడ్జమం, పంచమం. అంతే, గాంధారం ఉండదు. పంచమం కంపన సంఖ్య షడ్జమానికి ఒకటిన్నర రెట్లు. ఈ రెండూ కలిసి క్లిప్పింగ్‌లోకి (డిస్టార్షన్ కోసం అల తల నరికేసే చోటికి) వెళ్ళినప్పుడు, రెండింటి తేడాకు సమానమైన మూడో శబ్దం కొత్తగా పుడుతుంది. ఒకటిన్నరలోంచి ఒకటి తీసేస్తే అర. అంటే మీరు వాయించిన షడ్జమానికి కింది స్థాయి షడ్జమం! గిటార్ మీద మీరు మీటని మంద్ర స్వరం పెడల్ పుట్టిస్తుంది. మెటల్ బరువులో పెద్ద భాగం అదే. గాంధారం కూడా కలిపి పూర్తి కార్డ్ వాయిస్తే ఇలాంటి తేడా శబ్దాలు ఇంకా పుట్టి, ఒకదానితో ఒకటి పొసగక గజిబిజి అవుతాయి. మెటల్‌లో పవర్ కార్డులే ఎందుకు వాడతారో ఇప్పుడు అర్థమవుతుంది.

ఇందులో ఒక చిక్కుంది. గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్. దాని పంచమం 123. తేడా 41 హెర్ట్జ్. చిన్న ఎనిమిది అంగుళాల స్పీకరు అంత కింది శబ్దాన్ని పలికించలేదు. ఆ ప్రయత్నంలో మొత్తం శబ్దం బురదవుతుంది. అందుకే మంచి మెటల్ సర్క్యూట్ క్లిప్పింగ్‌కి ముందు బేస్ తగ్గిస్తుంది, క్లిప్పింగ్ అయ్యాక కావలసిన చోట పెంచుతుంది. మీరు ఏ సర్క్యూట్ బొమ్మ చూసినా ఈ రెండు ప్రశ్నలు వేసుకోండి: క్లిప్పింగ్‌కి ముందు బేస్‌ని ఏది కోస్తోంది? తర్వాత శబ్దాన్ని ఏది తీర్చిదిద్దుతోంది?

పోటీలో ఉన్నవి

హెచ్ఎం-2 1983లో వచ్చింది, 1991లో ఆగిపోయింది. స్వీడన్ బ్యాండ్ ఎంటూంబ్డ్ స్టాక్‌హోంలోని సన్‌లైట్ స్టూడియోలో చేసి 1990లో విడుదల చేసిన రికార్డింగ్‌తో ఆ పెడల్ శబ్దం డెత్ మెటల్‌లో ఒక సంప్రదాయమైపోయింది. ఆ గిరాకీ చూసే బాస్ 2020లో దాన్ని మళ్ళీ తెచ్చింది. దాని రహస్యం క్లిప్పింగ్ తర్వాత వచ్చే బలమైన ఈక్యూలో (బేస్, మిడ్, పై శబ్దాల పాళ్ళు సర్దే భాగంలో) ఉంది. ట్రాన్సిస్టర్లు, ఆప్ యాంప్‌లు (సిగ్నల్ పెంచే ఐసీలు), జర్మేనియం డయోడ్లు, కాయిల్ బదులు పనిచేసే గైరేటర్లు అన్నీ కలిసి బోర్డు నిండిపోతుంది. 1991లో వచ్చిన మెటల్ జోన్ అంతకంటే చిక్కు. అంత సర్క్యూట్‌లో ఒక్క భాగం తప్పు పడితే ఎక్కడ వెతకాలో మొదటిసారి కట్టేవాళ్ళకు తెలియదు. మూడో పెడల్‌గానో నాలుగో పెడల్‌గానో కట్టండి, తప్పక కట్టండి.

డాక్టర్ బూగీ అనే డిజైన్ చూసి చాలామంది మోజు పడతారు. మెసా బూగీ రెక్టిఫయర్ యాంప్‌ని జేఫెట్ అనే రకం ట్రాన్సిస్టర్లతో అనుకరించే సర్క్యూట్ అది. శబ్దం నిజంగానే బాగుంటుంది. కానీ దానికి కావలసిన జే201 జేఫెట్ పాత పద్ధతి కాళ్ళతో దొరకడం కష్టమైపోయింది. ఆ పేరుతో అమ్మేవాటిలో నకిలీలు చాలా ఎక్కువ. ప్రతి జేఫెట్‌కీ విడిగా వోల్టేజీ సర్దాలి కూడా. దొరకని భాగం మీద ఆధారపడిన సర్క్యూట్‌ను మొదటే ఎంచుకోవద్దు.

ఎంఎక్స్ఆర్ డిస్టార్షన్ ప్లస్ అన్నిటికంటే తేలిక. ఒక 741 ఐసీ, రెండు జర్మేనియం డయోడ్లు, గుప్పెడు భాగాలు. ర్యాండీ రోడ్స్ వాడిన పెడల్ ఇదే. 1980ల మొదట్లోని మెటల్ వాయించాలంటే, మీ యాంప్ కూడా కాస్త మండుతుంటే, ఇది చాలు. శుభ్రంగా పలికే యాంప్ మీద మాత్రం దీని గెయిన్ సరిపోదు.

బిగ్ మఫ్ గురించి ఒక మాట ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్ళలో భాగాలు దొరికే తీరుకి ఇది బాగా కుదురుతుంది. నాలుగు ట్రాన్సిస్టర్లు, నాలుగు డయోడ్లు. ఐసీ అసలు లేదు. నాలుగు చోట్లా బీసీ547 వేయొచ్చు, డయోడ్లన్నీ 1ఎన్4148. గుణుపూర్‌లోనో పర్లాకిమిడిలోనో ఒక్క దుకాణంలో మొత్తం సరుకు దొరికే అవకాశం ఉన్న సర్క్యూట్ ఇది. నెమ్మదిగా, బరువుగా సాగే డూమ్ మెటల్ మీ దారి అయితే దీన్నే కట్టండి. కానీ మధ్య స్వరాలు లోతుగా కోసేస్తుంది, బేస్ వదులుగా ఉంటుంది. అరచేత్తో తీగలు నొక్కి టకటకా వాయించే త్రాష్ రిఫ్‌లు అందులో విడివిడిగా వినపడవు.

ర్యాట్ వీటన్నిటికీ మధ్యలో నిలుస్తుంది. ప్రోకో కంపెనీ 1978లో తెచ్చిన డిజైన్ ఇది. ఒకే ఆప్ యాంప్, రెండు డయోడ్లు, ఒక ఫిల్టర్, చివర సిగ్నల్ బలహీనపడకుండా బయటికి పంపే ఒక బఫర్. కాగితం మీద దాని గెయిన్ 67 డెసిబెల్స్, అంటే రెండు వేల రెట్లకు పైమాటే. మెటల్‌కి గెయిన్ కొరత ఉండదు. క్లిప్పింగ్‌కి ముందే బేస్‌ని వెనక్కి నెట్టే ఏర్పాటు దానిలోనే ఉంది, ఆ ఏర్పాటు రెండు కెపాసిటర్ల విలువలో ఉంది. అందుకే దాన్ని మన ఇష్టప్రకారం మార్చడం ఇంత తేలిక.

సరుకు తెచ్చుకోవడం

దుకాణంలో ఒడియాలో అడిగినా, తెలుగులో అడిగినా పని జరుగుతుంది. భాగాల పేర్లు మాత్రం పాత మెకానిక్‌లు పలికే తీరులో అడగండి. 22 నానోఫారడ్ అంటే ఆయన తల గోక్కుంటాడు. "బాబాయ్, పాయింట్ జీరో టూ టూ పాలిస్టర్ కండెన్సర్ నాలుగివ్వండి" అంటే సొరుగు లాగుతాడు. దాని మీద 223 అని రాసి ఉంటుంది. 1 నానో మీద 102, 3.3 నానో మీద 332, 100 నానో మీద 104. గిటార్ జాక్‌ని మన దగ్గర పీ-38 అంటారు. పొటెన్షియోమీటర్ అనకుండా 100కె వాల్యూమ్ కంట్రోల్ అనండి.

కావలసినవి ఇవి. రెసిస్టర్లు: 47 ఓమ్‌లు ఒకటి, 100 ఓమ్‌లు ఒకటి, 560 ఓమ్‌లు ఒకటి, 1కె రెండు, 1.5కె ఒకటి, 4.7కె ఒకటి, 10కె ఒకటి, 100కె రెండు, 470కె ఒకటి, 1 మెగా ఒకటి. చిన్న కెపాసిటర్లు: 100 పికో ఒకటి, 1 నానో ఒకటి, 3.3 నానో ఒకటి, 22 నానో రెండు, 100 నానో ఒకటి. ఎలక్ట్రోలిటిక్: 1 మైక్రో రెండు, 2.2 మైక్రో రెండు, 4.7 మైక్రో రెండు, 10 మైక్రో ఒకటి, 100 మైక్రో ఒకటి. ఇందులో ఒక 1 మైక్రో, ఒక 2.2 మైక్రో చివర్లో మార్చి చూడ్డానికి. డయోడ్లు 1ఎన్4148 నాలుగు, 1ఎన్4001 ఒకటి. ఎర్ర ఎల్ఈడీలు మూడు. బీసీ547 రెండు. 100కె లాగ్ కంట్రోళ్ళు మూడు. ఎనిమిది కాళ్ళ ఐసీ బేస్ ఒకటి. దీన్ని మానేయొద్దు, ఐసీలు మార్చి వినడంలోనే సగం ఆనందం ఉంది.

ఇప్పుడు దొరకని రెండింటి సంగతి. ర్యాట్ అసలు ఐసీ ఎల్ఎం308. ఇప్పుడు తయారీలో లేదు, నకిలీలు తిరుగుతున్నాయి. దాని వెంట పడకండి. ప్రోకో కంపెనీయే తర్వాతి ర్యాట్ 2ల్లో ఓపీ07కి మారింది. ఎల్ఎం308 శబ్దానికి మూలమంటూ చెప్పుకునే నిదానం, అంటే మైక్రోసెకనుకు 0.3 వోల్టుల వేగం, ఓపీ07లోనూ అంతే. అది కూడా దొరక్కపోతే 741 వేయండి. దాని వేగం 0.5. మూలమూలనా దొరుకుతుంది, 9 వోల్టుల మీద డిస్టార్షన్ ప్లస్‌లో పనిచేసిన ఐసీయే. టీఎల్071 కూడా అదే బేస్‌లో కూర్చుంటుంది, కానీ దాని వేగం 13. శబ్దం కాస్త పదునుగా ఉంటుంది. వీటిలో దేనికీ ఎల్ఎం308కి అవసరమైన 30 పికో కెపాసిటర్ అక్కర్లేదు. సర్క్యూట్ బొమ్మలో 1, 8 కాళ్ళ మధ్య అది కనిపిస్తే వదిలేయండి.

రెండోది చివరి బఫర్‌లోని 2ఎన్5458 జేఫెట్. ఇంజినీరింగ్ కాలేజీల దగ్గర దుకాణాల్లో జేఫెట్ అంటే బీఎఫ్‌డబ్ల్యూ10 ఇస్తారు, ల్యాబుల్లో వాడేది అదే కాబట్టి. ఇక్కడ మాత్రం అది వద్దు. 9 వోల్టుల మీద దాని సోర్స్ వోల్టేజీ పైకప్పుకి తగిలేంత ఎత్తుకి పోవచ్చు. బీసీ547తో ఎమిటర్ ఫాలోయర్ (ఎమిటర్ కాలి నుంచి సిగ్నల్ తీసుకునే అమరిక) కట్టేయండి. బఫర్ చేయవలసిన పని అది హాయిగా చేస్తుంది.

ఫుట్‌స్విచ్ ఒక్కటే తెప్పించుకోవలసిన వస్తువు. తొమ్మిది కాళ్ళ త్రీపీడీటీ అడగండి. ఆన్‌లైన్‌లో వస్తుంది. ఎవరైనా ప్రయాణం పెట్టుకుంటే ఇంకా మంచిది: ఫలక్‌నుమా, ఈస్ట్ కోస్ట్ రైళ్ళు రెండూ బరంపురంలో ఆగుతాయి, ఒక కొస కలకత్తా చాందినీ మార్కెట్, మరో కొస హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ. రాయగడ వాళ్ళకు నాగావళి ఉంది. స్విచ్, డబ్బా కలిపి మిగతా సరుకు మొత్తం కంటే ఎక్కువవుతాయి, అందుకు సిద్ధపడండి.

ఇంకొక జాగ్రత్త మన సముద్రం వల్ల. గోపాల్‌పూర్ గాలి బరంపురం దాకా ఉప్పు తెస్తుంది. ఏళ్ళ తరబడి సొరుగులో ఉన్న రెసిస్టర్ల కాళ్ళు నల్లబడి ఉంటాయి. టంకం వేసే ముందు బ్లేడుతో తెల్లగా గీకండి. లేకపోతే అతుక్కున్నట్టే కనిపించి లోపల అతకదు. వాల్యూమ్ కంట్రోళ్ళలో మూత బిగించి ఉన్న రకం తీసుకోండి.

బ్రెడ్‌బోర్డు మీద

టంకం వేయకముందే మొత్తం బ్రెడ్‌బోర్డు (భాగాల కాళ్ళు గుచ్చి కలిపే బోర్డు) మీద పేర్చి వాయించండి. ఈ మెట్టు దాటేయాలనిపిస్తుంది, దాటేయకండి. తప్పు ఏదైనా ఇక్కడ వేలితో పీకి సరిచేయొచ్చు.

కరెంటు దారితో మొదలుపెట్టండి. బ్యాటరీ ప్లస్ నుంచి 100 ఓమ్‌లు, దాని తర్వాత నేలకి, అంటే బ్యాటరీ మైనస్‌కి, 100 మైక్రో, 100 నానో, తిరగేసిన 1ఎన్4001. తిరగేయడమంటే గీత ఉన్న వైపు ప్లస్‌కి. తర్వాత రెండు 100కెలు ఒకదాని కింద ఒకటి వరసగా పెడితే మధ్యలో 4.5 వోల్టులు వస్తాయి; అక్కడ నేలకి 10 మైక్రో.

గిటార్ నుంచి వచ్చే సిగ్నల్ 22 నానో దాటి, అక్కడ 4.5 వోల్టులకు కట్టిన 1 మెగాను కలిసి, 1కె గుండా ఐసీ 3వ కాలికి పోతుంది. 3వ కాలి నుంచి నేలకి 1 నానో. 7వ కాలు ప్లస్, 4వ కాలు నేల. 6వ కాలికీ 2వ కాలికీ మధ్య డిస్టార్షన్ కంట్రోల్, దానికి అడ్డంగా 100 పికో. 2వ కాలి నుంచి నేలకి రెండు దారులు: 47 ఓమ్‌లు, 2.2 మైక్రో ఒక దారి. 560 ఓమ్‌లు, 4.7 మైక్రో రెండో దారి. కెపాసిటర్ల ప్లస్ వైపు ఐసీ వైపే ఉండాలి.

6వ కాలి నుంచి 4.7 మైక్రో, 1కె. అక్కడ రెండు 1ఎన్4148లు పక్కపక్కన ఎదురెదురుగా నేలకి, ఒకదాని గీత నేల వైపు, రెండోదాని గీత పైకి. ఇదే క్లిప్పింగ్. ఒక్కొక్క డయోడ్ 0.6 వోల్టుల దగ్గర అల తల నరికేస్తుంది. అక్కడి నుంచి ఫిల్టర్ కంట్రోల్, 1.5కె వరసగా, చివర నేలకి 3.3 నానో. ఆ 3.3 నానో పైనుంచి 22 నానో ద్వారా బీసీ547 బేస్ కాలికి. బేస్ నుంచి 4.5 వోల్టులకు 470కె. కలెక్టర్ ప్లస్‌కి, ఎమిటర్ నుంచి నేలకి 10కె, ఎమిటర్ నుంచి 1 మైక్రో ద్వారా వాల్యూమ్ కంట్రోల్‌కి. వాల్యూమ్ మధ్య కాలే అవుట్‌పుట్.

ర్యాట్ ఫిల్టర్ తిరుగుడు మామూలు టోన్‌కి వ్యతిరేకం. కుడివైపు తిప్పేకొద్దీ శబ్దం మసకబారాలి. అలా రాకపోతే కంట్రోల్ చివరి కాళ్ళు అటూ ఇటూ మార్చండి.

మొదటి పరీక్షకు 9 వోల్టుల బ్యాటరీయే పెట్టండి. ఇంట్లో పడి ఉన్న వైఫై రూటర్ అడాప్టర్ పెట్టొద్దు. వాటి పిన్నులో లోపలి భాగం సాధారణంగా ప్లస్, గిటార్ పెడల్స్‌లో అది మైనస్. పైగా చౌక అడాప్టర్ల కీచుమనే రొదని ఇంత గెయిన్ ఉన్న సర్క్యూట్ పదింతలు చేసి వినిపిస్తుంది. ఈ పెడల్ తీసుకునేది కొన్ని మిల్లీ ఆంపియర్లే కాబట్టి బ్యాటరీ చాలా గంటలు వస్తుంది.

మీటరు పెట్టి చూడటం

7వ కాలి దగ్గర 9కి కాస్త తక్కువ రావాలి. 6వ కాలి దగ్గర 4.5 దరిదాపుల్లో రావాలి. ఇవి రెండూ సరిగ్గా ఉంటే ఐసీ బతికే ఉంది. బీసీ547 ఎమిటర్ దగ్గర 3 వోల్టుల చుట్టుపక్కల.

ఇక్కడ చాలామంది కంగారు పడే చోటు ఒకటుంది. మన అందరి దగ్గరా ఉండే పసుపు రంగు డీటీ830డీ మీటరు లోపలి నిరోధం 1 మెగా మాత్రమే. 3వ కాలి దగ్గర కొలిస్తే, ఆ కాలికి వోల్టేజీ అందించే రెసిస్టర్ కూడా 1 మెగాయే కాబట్టి, మీటరే సగం వోల్టేజీ తాగేసి 2.2 చూపిస్తుంది. సర్క్యూట్ బాగానే ఉంది. ఐసీ మార్చకండి. 3వ కాలిని వదిలేసి 6వ కాలినే నమ్మండి. అక్కడ 0 గానీ 9కి దగ్గరగా గానీ వస్తే అప్పుడు వెతకండి: ముందు 2వ, 6వ కాళ్ళ మధ్య డిస్టార్షన్ కంట్రోల్ నిజంగా కలిసిందా, తర్వాత 1 మెగా 4.5 వోల్టుల చోటికే వెళ్ళిందా, కెపాసిటర్లు తిరగబడ్డాయా.

వోల్టేజీలన్నీ సరిగ్గా ఉండి శబ్దం రాకపోతే, యాంప్ వాల్యూమ్ బాగా తగ్గించి, తడి చేసిన వేలితో వెనక నుంచి ముందుకు ఒక్కొక్క చోట తాకుతూ రండి. వాల్యూమ్ కంట్రోల్, ఎమిటర్, బేస్, డయోడ్లు, 6వ కాలు, 3వ కాలు. బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు మాత్రమే ఈ పరీక్ష. గుయ్‌మనే రొద ఎక్కడ ఆగిపోతే తప్పు అక్కడే.

బోర్డు, డబ్బా

జీరో పీసీబీ (కన్నాలు ముందే వేసి ఉన్న బోర్డు) మీద కట్టండి. మొదటి పెడల్‌కి ఫెర్రిక్ క్లోరైడ్‌లో బోర్డు కాల్చడం అనవసర శ్రమ. బ్రెడ్‌బోర్డు మీద పేర్చిన వరసలోనే, ఎడమ నుంచి కుడికి, ఇన్‌పుట్ ఒక చివర, అవుట్‌పుట్ ఇంకో చివర. ఈ రెండు తీగలూ పక్కపక్కన నడిస్తే ఇంత గెయిన్‌లో పెడల్ తనంతట తానే కూత పెడుతుంది. 100 నానో కెపాసిటర్‌ని 7వ కాలికి ఆనుకునేలా పెట్టండి. తలుపు తీసి కూర్చోండి, టంకం పొగ పీల్చకండి.

డబ్బా లోహానిదే అయి ఉండాలి. ప్లాస్టిక్ డబ్బాలో పెడితే ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ గుయ్ మొత్తం లోపలికి వస్తుంది. ఎర్తింగ్ సరిగా లేని పాత ఇళ్ళలో ఇది మరీ ఎక్కువ. అల్యూమినియం డబ్బా తెప్పించుకోలేకపోతే, కరెంటు పనివాళ్ళు గోడలో పెట్టే ఇనుప స్విచ్ బాక్సు ఒకటి తీసుకుని, వెనక రేకు బిగించండి. రంగు ఉన్నచోట గీకి, సర్క్యూట్ నేలని డబ్బాకి కలపండి. కన్నాలు వేయడానికి గేట్లూ గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపుకి పట్టుకెళ్తే క్షణాల్లో వేసి ఇస్తారు. ఫుట్‌స్విచ్‌కి 12 మిల్లీమీటర్లు, జాక్‌కి 10. కంట్రోళ్ళ కన్నం మీరు కొన్న కంట్రోల్ మెడ కొలిచి చెప్పండి, ఒక్కో రకం ఒక్కోలా ఉంటుంది.

ఇన్‌పుట్‌కి స్టీరియో పీ-38 సాకెట్ వాడి, దాని మధ్య కాలికి బ్యాటరీ మైనస్ కట్టండి. గిటార్ తీగ పీకగానే బ్యాటరీ ఆగిపోతుంది. ఫుట్‌స్విచ్ మూడో వరసని ఎర్ర ఎల్ఈడీకి వాడండి, 4.7కె వరసలో పెట్టి.

మెటల్ వైపు మలచడం

అసలు ఆసక్తి ఇక్కడే మొదలవుతుంది. పెడల్ పనిచేస్తోంది కదా, ఇప్పుడు ఒక్కొక్కటీ మార్చి వినండి, రెండు మార్పులు ఒకేసారి చేయకండి.

ముందు బేస్. 560 ఓమ్‌ల దారిలోని 4.7 మైక్రో వల్ల 60 హెర్ట్జ్ దాకా బేస్ క్లిప్పింగ్‌లోకి వెళ్తోంది. దాన్ని 2.2 మైక్రో చేస్తే 129 హెర్ట్జ్ దగ్గర కోత మొదలవుతుంది. 1 మైక్రో చేస్తే 284. మామూలు ట్యూనింగ్‌లో త్రాష్ వాయించేవాళ్ళకు 2.2 బాగుంటుంది. లావు తీగని డి దాకా, సి దాకా దించి వాయించేవాళ్ళు 1 మైక్రో పెట్టుకోండి. విడిగా గదిలో వింటే శబ్దం కాస్త పలుచనైనట్టు అనిపిస్తుంది. బేస్ గిటారూ డ్రమ్సూ కలిశాక వినండి, అప్పుడు ఆ కోత విలువ తెలుస్తుంది.

తర్వాత డయోడ్లు. 1ఎన్4148ల బదులు రెండు ఎర్ర ఎల్ఈడీలు ఎదురెదురుగా పెట్టండి. 0.6 బదులు 1.7 వోల్టుల దగ్గర క్లిప్పింగ్ అవుతుంది. శబ్దం బాగా పెద్దదవుతుంది, పలుకు తెరుచుకుంటుంది, గట్టిగా కొట్టిన దెబ్బకీ మెల్లగా కొట్టిన దెబ్బకీ తేడా వినపడుతుంది. టర్బో ర్యాట్‌లో ఉన్నది ఈ మార్పే. హంబకర్ (రెండు కాయిళ్ళ) పికప్ ఉన్న గిటార్‌కి నేను ఎల్ఈడీలే సిఫారసు చేస్తాను. సింగిల్ కాయిల్ గిటార్‌కి 1ఎన్4148లే ఉంచండి, ఆ పిండినట్టుండే శబ్దంతో పలుచటి పికప్‌కి కండ పడుతుంది.

డిస్టార్షన్ నాబ్ చివరి దాకా తిప్పాలనిపిస్తుంది. పూర్తి గెయిన్‌లో ఆప్ యాంప్ సొంత బ్యాండ్‌విడ్త్ పడిపోయి దెబ్బల అంచులు మొద్దుబారుతాయి. మూడింట రెండు వంతుల దగ్గర ఆపి, ఫిల్టర్ సగానికి పైగా తిప్పి, వాల్యూమ్ పెంచి వాయించి చూడండి. మిక్సర్లోకి నేరుగా వెళ్ళేవాళ్ళు ఫిల్టర్ ఇంకా ఎక్కువ తిప్పాలి. అది కూడా చాలకపోతే 3.3 నానోని 4.7 నానో చేయండి.

మధ్య స్వరాలు కోసేసిన, ఆల్బంలలో వినిపించే ఆ చల్లటి త్రాష్ శబ్దం కావాలంటే ర్యాట్ ఒక్కదానితో రాదు. యాంప్‌లో మిడ్ నాబ్ తగ్గించండి, లేదా మిక్సర్ చానల్ ఈక్యూలో మిడ్ దించండి. దానికి విడిగా ఒక ఈక్యూ పెడల్ కట్టుకోవాలనుకుంటే అది మంచి రెండో ప్రాజెక్టు: గైరేటర్ ఎలా పనిచేస్తుందో అందులో నేర్చుకుంటారు, హెచ్ఎం-2 బోర్డు ముందు కూర్చున్నప్పుడు కావలసింది ఆ తెలివిడే.